అమెరికా పాత కాగితాల్లో "ఫస్ట్ పేపర్స్", "తెల్లవాడు", 160 ఎకరాలు: ఈ మూడింటికీ లంకె ఏమిటి?

గౌతమీతీరం (ప్రశ్న):

అమెరికా వలసల చరిత్ర మీద తెలుగులో ఒక పాఠం తయారు చేస్తున్నాను. చూసిన పుస్తకాలు చాలావరకు పడమటికి విస్తరణను ఒక అధ్యాయంలో, జాతి వివక్షను ఇంకో అధ్యాయంలో, వలస చట్టాలను మరో అధ్యాయంలో పెట్టేశాయి. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే మూడూ ఒకే కాలంలో నడిచాయి. ఒకదానికొకటి ఎక్కడ ముడిపడ్డాయో తెలిసినవారు చెప్పాలి.

మూడు చోట్ల ఆగిపోయాను. 1790 పౌరసత్వ చట్టంలో "స్వేచ్ఛ గల తెల్ల వ్యక్తి" అన్న షరతు 1952 దాకా ఎలా బతికింది? 1868లోనే రాజ్యాంగానికి 14వ సవరణ వచ్చింది కదా? రెండోది, అమెరికా పౌరసత్వం కోరిన భారతీయుడు భగత్ సింగ్ థింద్ కేసు. కాకేసియన్ (ఆనాటి జాతి శాస్త్రం ఐరోపావాళ్లను చేర్చిన జాతి) అయితేనే తెల్లవాడు అని చెప్పిన కోర్టే మూడు నెలలు తిరగకుండా కాకేసియన్ అయినా చాలదని ఎలా అనగలిగింది? మూడోది, 1920 జనాభా లెక్కల కాగితాలు. కాలిఫోర్నియా జిల్లాల్లో రంగు గడిలో "ఐఎన్" అని రాసి ఉన్నవాళ్లందరినీ భారతీయులుగా లెక్కగట్టాను. పేర్లు చూస్తే ఒక్కటీ మనవాళ్ల పేరులా లేదు. ఎక్కడ తప్పుతున్నాను?

పట్టాదారు:

లంకె ఎక్కడుందో నేను చెబుతాను. అది ఒక చిన్న కాగితం. పౌరసత్వం కోరే వ్యక్తి ముందుగా కోర్టు గుమస్తా దగ్గర "నేను అమెరికా పౌరుణ్ణి కాదలచాను, నా పాత రాజుకు విధేయత వదులుకుంటాను" అని దాఖలు చేసే ప్రకటన అది. వాడుకలో దాన్నే ఫస్ట్ పేపర్స్ అనేవారు. దాని తరవాత, మొత్తం అయిదేళ్ల నివాసం పూర్తయ్యాక, అసలు అర్జీ. ఆపైన సర్టిఫికెట్.

ఇప్పుడు 1862 హోమ్‌స్టెడ్ చట్టం చదవండి. 160 ఎకరాల ప్రభుత్వ భూమికి అర్జీ పెట్టాలంటే 21 ఏళ్లు నిండాలి, లేదా కుటుంబ పెద్ద అయి ఉండాలి. అమెరికా మీద ఆయుధం ఎత్తి ఉండకూడదు. పౌరుడై ఉండాలి, *లేదా ఫస్ట్ పేపర్స్ దాఖలు చేసి ఉండాలి*. కిటుకంతా ఆ "లేదా"లో ఉంది. నిన్న ఓడ దిగిన నార్వే రైతు ఈ రోజు కోర్టులో ప్రకటన దాఖలు చేసి రేపు భూమి ఆఫీసులో పేరు రాయించుకోవచ్చు. అదే ఊళ్లో ఇరవై ఏళ్లుగా ఉన్న చైనా కూలీకి ఆ దారి లేదు. తెల్లవాడు కాని ఆసియా మనిషి పౌరుడు కాలేడు. పౌరుడు కాలేనివాడి ఫస్ట్ పేపర్స్ చెల్లవు, అవి లేనివాడికి భూమి లేదు. హోమ్‌స్టెడ్ చట్టంలో జాతి అన్న మాట ఎక్కడా రాయలేదు. రాయాల్సిన పని కూడా లేకపోయింది, పౌరసత్వ చట్టమే ఆ పని చేసిపెట్టింది.

భూమి చేతికొచ్చే వరస ఇది. మొదటి అర్జీకి రుసుములు కలిపి 12 డాలర్లు. తరవాత అయిదేళ్లు అక్కడే కాపురం ఉండాలి, ఇల్లు కట్టాలి, కొంత నేలైనా సాగు చేయాలి. చివర ఇద్దరు సాక్షులతో రుజువు చూపించి ఇంకో 6 డాలర్లు కట్టాలి. మొత్తం 18. అయిదేళ్లు ఆగలేనివాళ్లు ఆరు నెలల కాపురం తరవాత ఎకరాకు 1.25 డాలర్లు కట్టి కొనేసుకోవచ్చు. చాలామంది పొరబడే చోటు ఒకటి చెబుతాను: ఫస్ట్ పేపర్స్ మొదటి అర్జీకి మాత్రమే సరిపోతాయి, పట్టా రావాలంటే పూర్తి పౌరసత్వం ఉండాలి. అందుకే హోమ్‌స్టెడ్ ఫైళ్లలో పౌరసత్వ సర్టిఫికెట్ నకలు తరచుగా దొరుకుతుంది.

160 అన్న అంకె ఎక్కడిదంటే, 1785 భూమి ఆర్డినెన్సు ప్రకారం నేలను ఆరు మైళ్ల చదరపు టౌన్‌షిప్పులుగా కొలిచారు. ఒక్కో దాంట్లో 36 సెక్షన్లు, సెక్షన్ అంటే చదరపు మైలు, 640 ఎకరాలు. అందులో పావు 160.

ఆ నేల ఎవరిది అన్నది కూడా మీ పాఠంలో ఇదే అధ్యాయంలో రావాలి. 1887 డాజ్ చట్టం ఆదివాసీ తెగల ఉమ్మడి భూమిని ముక్కలు చేసింది. కుటుంబ పెద్దకు 160 ఎకరాలు, 18 దాటిన ఒంటరి వ్యక్తికి 80, చిన్నపిల్లలకు 40. పంచగా మిగిలింది "అదనపు భూమి" అని ముద్ర వేసి బయటివాళ్లకు తెరిచారు. 1887లో తెగల చేతిలో దాదాపు 13.8 కోట్ల ఎకరాలు ఉంటే 1934 నాటికి 4.8 కోట్లు మిగిలాయి. ఇచ్చిన ముక్కకూ, లాక్కున్నదానికీ అదే 160 ఎకరాల కొలత వాడారు. నాకు ఈ చట్టాల మొత్తంలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

తీర్పుల గది:

14వ సవరణ గురించి. అది *పుట్టుక* మాట చెప్పింది. అమెరికా గడ్డ మీద పుట్టి, దాని అధికార పరిధికి లోబడినవారు పౌరులు. బయట పుట్టి వచ్చినవాళ్లకు పౌరసత్వం ఎవరికివ్వాలో తేల్చే హక్కు కాంగ్రెస్ దగ్గరే ఉండిపోయింది. 1870లో సెనేటర్ చార్లెస్ సమ్నర్ పౌరసత్వ చట్టంలోంచి "వైట్" అన్న మాటనే కొట్టేయమన్నారు. అలా చేస్తే చైనావాళ్లు కూడా వస్తారని పడమటి రాష్ట్రాల సభ్యులు అడ్డుపడ్డారు. చివరికి ఆ మాటను ఉంచి, పక్కన "ఆఫ్రికాలో పుట్టినవారు, ఆఫ్రికా సంతతివారు" అని చేర్చారు. అంటే 1870 తరవాత తలుపులు రెండు, తెల్లవాళ్లకొకటి, నల్లవాళ్లకొకటి. మధ్యలో ఉన్నవాళ్లు ఏ తలుపు తట్టాలో తెలియక కోర్టులకెక్కారు. 1878లో "ఆ యప్" అనే పేరుగల చైనీయుడి కేసుతో మొదలై 1952 దాకా అలాంటివి యాభైకి పైగా నడిచాయి. దాదాపు అందరూ తెల్ల తలుపే తట్టారు.

పుట్టుక సూత్రంలో కూడా మెలికలున్నాయి. 1884లో జాన్ ఎల్క్ అనే ఆదివాసీ ఓటు అడిగితే, తెగలో పుట్టావు కనక నువ్వు పౌరుడివి కావని సుప్రీంకోర్టు చెప్పింది. ఆదివాసీలందరికీ పౌరసత్వం 1924 జూన్‌లో గాని రాలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా తల్లిదండ్రులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ మాత్రం 1898లో గెలిచాడు. అంటే తండ్రి చచ్చేదాకా పరాయివాడే, కొడుకు పుట్టుకతో పౌరుడు. కాలిఫోర్నియా భూముల కథ మొత్తానికి ఇది కీలకం.

ఇక థింద్. ఆయన 1913లో వచ్చారు, 1918లో అమెరికా సైన్యంలో పనిచేశారు. ఆ డిసెంబరులో వాషింగ్టన్ రాష్ట్రంలో ఇచ్చిన పౌరసత్వాన్ని నాలుగు రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. 1920లో ఆరెగన్‌లో మళ్లీ ఇస్తే ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది.

1922 నవంబరు 13న ఒజావా కేసు తీర్పు వచ్చింది. ఒజావా జపాన్‌లో పుట్టి, ఇరవై ఏళ్లుగా అమెరికాలో ఉంటూ, బర్కిలీలో చదివి, ఇంట్లో పిల్లలతో ఇంగ్లీషే మాట్లాడేవాడు. చర్మం రంగు కొలమానం కాదు, తెల్లవాడంటే కాకేసియన్ జాతివాడు, జపనీయుడు అందులో లేడు అని కొట్టేశారు. ఆనాటి జాతి శాస్త్రవేత్తలు ఉత్తర భారతీయులను కాకేసియన్ల కిందే రాసేవారు. కనక థింద్ పక్షం ధీమాగా ఉంది. 1923 ఫిబ్రవరి 19న అదే న్యాయమూర్తి జార్జ్ సదర్లాండ్ రాసిన తీర్పు ఆ శాస్త్రాన్నే పక్కన పెట్టింది. 1790లో చట్టం రాసినవాళ్లు మామూలు మనిషి మాటల్లో రాశారు, మామూలు మనిషి ఎవరిని తెల్లవాడంటాడో అదే అర్థం అంది. 1917లో కాంగ్రెస్ భారత్ నుంచి వలసను ఆపింది కదా, లోపలికి రానివ్వనివాళ్లను పౌరులుగా ఒప్పుకుంటుందా అని కూడా వాదించింది.

కోర్టు మాట మార్చిందన్నది నిజమే. కానీ ఫలితం వైపు నుంచి చూస్తే రెండు తీర్పులూ ఒక్క దారినే నడిచాయి. శాస్త్రం బయటికి పంపడానికి పనికొచ్చినప్పుడు శాస్త్రం వాడారు, లోపలికి తెచ్చే ప్రమాదం వచ్చేసరికి లోకజ్ఞానం వాడారు.

మీ పాఠంలో ఒక విషయం దాచకండి. థింద్ తరఫు వాదనలో తాను ఉన్నత కులంవాడినని, రక్తం కలవలేదని ఉంది. పెళ్లి సంబంధాల విషయంలో అమెరికన్లు నల్లవాళ్లను ఎలా చూస్తారో తమవాళ్లూ కింది జాతులను అలాగే చూస్తారని కూడా అందులో రాశారు. కంచెను ప్రశ్నించలేదు, కంచె లోపల చోటు అడిగారు. మన పాఠకులకు ఇది సూటిగా తగలాల్సిన చోటు, మెత్తగా రాస్తే అన్యాయం చేసినట్టే. (ఆయన సిక్కు. తీర్పులో "హిందూ" అన్నది మతం పేరు కాదు, జాతి పేరుగా వాడిన మాట.)

తీర్పు తరవాత అప్పటికే పౌరులైన భారతీయుల సర్టిఫికెట్లు రద్దు చేయించడానికి ప్రభుత్వం వరసగా కేసులు వేసింది. శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి వైష్ణో దాస్ బగాయ్ పౌరసత్వం పోయి, ఏ దేశానికీ చెందక, 1928లో ప్రాణం తీసుకున్నారు. లాయర్ సఖారాం గణేశ్ పండిత్ మాత్రం, ఒకసారి కోర్టు తేల్చిన విషయాన్ని మళ్లీ తవ్వకూడదని వాదించి తన కేసు గెలిచారు. ఆ తరవాత రద్దు కేసుల ఊపు తగ్గింది. థింద్‌కు చివరికి పౌరసత్వం 1936లో వచ్చింది, అదీ మొదటి ప్రపంచ యుద్ధ సైనికుల కోసం 1935లో చేసిన ప్రత్యేక చట్టం కింద.

పాతకాగితం:

మీ "ఐఎన్" సంగతి సులువు. ఆ రెండక్షరాలు అమెరికా ఆదివాసీలకు. మనవాళ్లకు 1920, 1930 కాగితాల్లో "హెచ్‌ఐఎన్", అంటే హిందూ. సిక్కులైనా ముస్లింలైనా అదే. 1910లో ఆ గుర్తు లేదు కాబట్టి "ఇతరులు" కింద వెతకాలి, పక్కన పుట్టిన దేశం గడి చూసుకోవాలి. 1940లోనూ హిందూ ఉంది. 1970లో భారతీయులను తెల్లవారిలో కలిపేశారు. "ఏషియన్ ఇండియన్" అన్న గడి 1980లో గాని రాలేదు. ఒకే కుటుంబం ఎక్కడికీ కదలకుండానే పేరు మారుతూ పోయింది. కనక దశాబ్దాల అంకెలను ఒకే పట్టికలో పెట్టి "పెరుగుదల" అని రాయకండి.

మెక్సికన్ల విషయం ఇంకా విడ్డూరం. 1848 గ్వాదలూపె హిదాల్గో ఒప్పందంతో కాలిఫోర్నియా, న్యూ మెక్సికో వంటివి కోటిన్నర డాలర్లకు అమెరికాకు వచ్చాయి. అక్కడున్న మెక్సికో పౌరులకు ఏడాది గడువిచ్చి, కాదనకపోతే అమెరికా పౌరులే అన్నారు. పౌరసత్వం తెల్లవాళ్లకే ఉన్న కాలంలో అలా ఇచ్చారు కనక, ఒప్పందం ప్రకారం మెక్సికన్లు అర్హులేనని 1897లో టెక్సస్ ఫెడరల్ కోర్టు రొడ్రిగెజ్ కేసులో తేల్చింది. 1930 జనాభా లెక్కల్లో మాత్రం వాళ్లను వేరే జాతిగా రాశారు. మెక్సికో ప్రభుత్వం అభ్యంతరం చెప్పాక 1940లో మళ్లీ తెల్లవారిలో కలిపారు.

రంగు గడిలో ఏం రాయాలో నిర్ణయించింది లెక్కలకు వచ్చిన మనిషి, ఇంటివాళ్లు కాదు. 1960కి ముందు కాగితాలన్నిటికీ ఇది గుర్తుంచుకోండి.

అదే వరసలో పౌరసత్వం గడి కూడా చూడండి. మూడు గుర్తులు: "ఎన్‌ఏ" అంటే పౌరసత్వం పొందినవాడు, "పీఏ" అంటే ఫస్ట్ పేపర్స్ దాఖలు చేసినవాడు, "ఏఎల్" అంటే పరాయివాడు. 1920లో "హెచ్‌ఐఎన్, ఎన్‌ఏ" అని ఉన్న మనిషిని 1930లో కూడా వెతికి పట్టుకోండి. అక్కడ "ఏఎల్" అని కనిపిస్తే గుమస్తా పొరపాటని దిద్దేయకండి. మధ్యలో థింద్ తీర్పు ఉంది. రద్దు కేసు ఫైలు ఉందేమో ఆ ప్రాంతపు నేషనల్ ఆర్కైవ్స్‌లో (ప్రభుత్వ పాత రికార్డులు దాచే చోటు) అడగాలి. ఉత్తర కాలిఫోర్నియా కోర్టుల ఫైళ్లు శాన్ బ్రూనోలో, వాషింగ్టన్, ఆరెగన్‌వి సియాటిల్‌లో ఉంటాయి.

పౌరసత్వ ఫైళ్లకు గీత 1906 సెప్టెంబరు 27. అంతకుముందు ముద్ర, గుమస్తా ఉన్న ఏ కోర్టయినా పౌరసత్వం ఇచ్చేది. ఫారాలు ఒక్కో చోట ఒక్కో రకం, కొన్నిట్లో పేరు, దేశం తప్ప ఏమీ ఉండవు. ఆ తేదీ తరవాత ఒకే ఫారం, ఒక నకలు రాజధాని వాషింగ్టన్‌కు. ఫస్ట్ పేపర్స్ ఏడేళ్లలో వాడుకోకపోతే చెల్లవన్న నియమం కూడా అప్పుడే వచ్చింది. "దాఖలు చేశాడు కానీ పౌరుడు కాలేదు" అనే కేసులు అందుకే ఎక్కువ.

భార్యల విషయంలో జాగ్రత్త. 1907 చట్టం ప్రకారం విదేశీయుణ్ణి పెళ్లాడిన అమెరికన్ స్త్రీ పౌరసత్వం పోయేది. 1922 కేబుల్ చట్టం ఆ నియమం ఎత్తేసింది, కానీ భర్త "పౌరసత్వానికి అనర్హుడైన" పరాయివాడైతే 1931 దాకా పోతూనే ఉంది. కాలిఫోర్నియాలో పుట్టిన స్త్రీ పక్కన "ఏఎల్" కనిపిస్తే కారణం ఇదై ఉండవచ్చు.

గౌతమీతీరం:

నా లెక్క మొత్తం తిరగరాయాలన్నమాట. ముందే అడిగి మంచి పని చేశాను. ఇంకో మూడు సందేహాలు. కాలిఫోర్నియా పంజాబీ రైతులు భూమి కోసమే మెక్సికన్ స్త్రీలను పెళ్లాడారని చాలా చోట్ల చదివాను, నిజమేనా? యల్లాప్రగడ సుబ్బారావు గారు 1920ల మొదట్లో వెళ్లారు కదా, 1917 నిషేధం ఆయన్ని ఎలా వదిలింది? ఈ రోజు గ్రీన్ కార్డుకు ఉన్న, ఒక్కో దేశానికి 7 శాతం అన్న నియమానికి ఈ పాత చట్టాలతో సంబంధం ఉందా?

తీర్పుల గది:

పెళ్లిళ్ల మాట సరికాదు. కాలిఫోర్నియా 1913 భూచట్టం "పౌరసత్వానికి అనర్హులైన పరాయివాళ్లు" సాగుభూమి కొనకూడదంది, కౌలు మూడేళ్లకు మించకూడదంది. 1920లో కౌలు కూడా తీసేసింది. గురి జపనీయుల మీద. 1923 ఫిబ్రవరిలో థింద్ ఓడిన రోజు పంజాబీలు కూడా ఆ మాట కిందికి వచ్చి పడ్డారు. ఇంపీరియల్ వ్యాలీలో పెళ్లిళ్లు అంతకు కొన్నేళ్ల ముందే మొదలయ్యాయి. పైగా భార్యలు చాలామంది మెక్సికో పౌరులు. అమెరికన్ అయిన భార్య పౌరసత్వం కేబుల్ చట్టంతో పోతుంది కనక ఆమె పేరన పెట్టినా రక్షణ లేదు. పెళ్లికి అసలు కారణం ఇంకోటి. భారత్ నుంచి భార్యను తెచ్చుకునే దారి 1917తో మూసుకుపోయింది, తెల్ల స్త్రీతో పెళ్లికి రాష్ట్ర చట్టం అడ్డొచ్చే అవకాశం ఉంది. ఇద్దరి రంగూ ఒకేలా కనిపిస్తే గుమస్తా లైసెన్సు రాసిచ్చేవాడు. భూమిని నమ్మకస్తులైన అమెరికన్ల పేర్ల మీద, తరవాత అక్కడే పుట్టిన పిల్లల పేర్ల మీద పెట్టుకున్నారు. నమ్మినవాడు ఎదురు తిరిగితే కోర్టుకెళ్లే వీలు లేదు, వెళ్తే తామే చట్టం తప్పినట్టు ఒప్పుకోవాలి. 1952లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఫుజీ కేసులో ఆ చట్టాన్ని కొట్టేసింది.

సుబ్బారావు గారి సంగతి. 1917 చట్టం అక్షాంశ రేఖాంశాలతో ఒక నిషేధ ప్రాంతం గీసి, దాన్లో భారత్‌ను పెట్టింది. కానీ విద్యార్థులు, వైద్యులు, అధ్యాపకులు, వ్యాపారుల వంటివారికి మినహాయింపు ఉంచింది. ఆగింది కూలీలు, రైతులు. వైద్యం చదివిన భీమవరం మనిషి హార్వర్డ్‌కు వెళ్లగలిగింది ఆ సందులోంచే. లోపలికి రావచ్చు, పౌరుడు మాత్రం కాలేడు. ఆయన ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం అలాగే గడిచింది. 1946 జులైలో లూస్-సెల్లర్ చట్టం భారతీయులకు పౌరసత్వ అర్హత, ఏడాదికి 100 వీసాల కోటా ఇచ్చింది. ఆయన పౌరసత్వం తీసుకోకుండానే 1948లో కన్నుమూశారు.

ఆ 100 అన్న అంకె కొత్తది కాదు. 1924 చట్టం ఒక్కో దేశపు కోటాను, 1890 జనాభా లెక్కల నాటికి అమెరికాలో ఉన్న ఆ దేశంలో పుట్టినవాళ్ల సంఖ్యలో 2 శాతంగా కట్టింది. ఇటలీకి 42,000 దాటిన కోటా 3,845కి పడిపోయింది, జర్మనీకి 51,227 దక్కింది. దక్షిణ, తూర్పు ఐరోపావాళ్లు పెద్ద ఎత్తున రాకముందు సంవత్సరం కాబట్టే 1890ని ఎంచుకున్నారు. కనీస కోటా 100 కాబట్టి భారత్ పేర కూడా 100 ఉంది. కానీ అది భారతీయులకు కాదు! పౌరసత్వానికి అనర్హులు వలస రాకూడదని అదే చట్టం అంది. కనక ఆ 100 భారత్‌లో పుట్టిన తెల్లవాళ్లకు మాత్రమే పనికొచ్చేది.

7 శాతం గురించి సూటిగా చెప్పాలంటే, అది జాతి నియమం కాదు, అన్ని దేశాలకూ ఒకే పరిమితి. 1965 హార్ట్-సెల్లర్ చట్టం 1924 నాటి కోటాలను ఎత్తేసి, తూర్పు అర్ధగోళానికి ఏడాదికి 1,70,000 వీసాలు, అందులో దేశానికి 20,000కి మించకుండా అంది. 1990 చట్టంతో అది 7 శాతం అయింది. పాత చట్టం నుంచి మిగిలింది లెక్క కట్టే పద్ధతి. మనిషిని పౌరసత్వంతో కాకుండా *పుట్టిన దేశంతో* లెక్కగట్టడం 1924 చట్టంలో ఉంది, నేటికీ అదే. హైదరాబాద్‌లో పుట్టి కెనడా పౌరుడైనవాడు భారత్ వరసలోనే నిలబడేది అందుకే. భార్య లేదా భర్త వేరే దేశంలో పుడితే ఆ దేశపు వరస వాడుకునే వీలుంది. 1952 చట్టం దీన్ని ఇంకా దూరం తీసుకెళ్లింది. జాతి షరతును పౌరసత్వం నుంచి తీసేస్తూనే, సగం ఆసియా సంతతి ఉన్నవాణ్ణి ఎక్కడ పుట్టినా పూర్వీకుల దేశపు కోటాలో వేసింది. దాన్ని 1965 తీసేసింది.

పట్టాదారు:

నా పై జవాబులో ఒక లోటు ఉంది, పూడుస్తాను. నల్లవాళ్లకు 1868, 1870ల తరవాత భూమి తలుపు తెరుచుకున్నట్టు అర్థమయ్యే ప్రమాదం ఉంది. 1865 జనవరిలో జనరల్ షెర్మన్ ఉత్తర్వుతో తీరం వెంట 40 ఎకరాల చొప్పున ఇచ్చిన నేలను అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ అదే ఏడాది పాత యజమానులకు తిరిగి ఇప్పించాడు. 1866 దక్షిణ హోమ్‌స్టెడ్ చట్టం అలబామా, ఆర్కన్సా, ఫ్లోరిడా, లూసియానా, మిసిసిపిల్లో భూమి తెరిచింది, మొదట్లో 80 ఎకరాలే. పైన్ అడవి, చిత్తడి నేల, దూరంగా ఉన్న భూమి ఆఫీసు. ఏడాది కూలి ఒప్పందంలో ఇరుక్కుని, ఎద్దూ నాగలీ విత్తనమూ లేనివాడికి అక్కడ అయిదేళ్లు నిలబడటం ఎలా? 1876లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. పాఠంలో రెండు గడులు పెట్టండి: చట్టం ఎవరికి అర్హత ఇచ్చింది, పట్టా ఎవరి చేతికి వచ్చింది. రెండో గడికి అంకెలు కావాలంటే పట్టాల రికార్డు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది, పేరుతోగాని టౌన్‌షిప్, రేంజ్ (టౌన్‌షిప్పుల నిలువు వరస), సెక్షన్ నంబర్లతోగాని వెతకవచ్చు. పట్టా దాకా రాని అర్జీలు మాత్రం దాన్లో ఉండవు. వాటి ఫైళ్లు వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఓడిపోయినవాళ్ల కాగితాలు అక్కడే దొరుకుతాయి.